ఊళ్లో నర్సమ్మ ఉంది కదా, ఇంటికి ఎందుకు రాదు?

శ్రీకాకుళం జిల్లా కంచిలి దగ్గర ఊరి బాబు ఒకరు హైదరాబాద్ నుంచి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాన్నగారు పక్షవాతం వచ్చి నెలల తరబడి మంచం మీదే ఉన్నారు. యూరిన్ పైపు వేశారు, నడుం కింద పుండు మొదలైంది. ఊళ్లో కొత్తగా కట్టిన క్లినిక్‌కి వాళ్లమ్మ వెళ్తే ఒకరోజు తాళం వేసి ఉంటుంది, ఇంకోరోజు "ఇంటికి రావడం మా డ్యూటీ కాదమ్మా" అంటారు. పైపు మార్చడానికి ప్రతిసారీ ఆటో కట్టించుకుని సోంపేట వెళ్లాల్సి వస్తోంది. "మన జిల్లాలో నర్సులు అంత తక్కువా? ఉన్నవాళ్లు ఇంటికి రావాలా వద్దా? ఎవరిని అడగాలి?" అని ఆయన అడుగుతున్నారు.

బాబూ, నేను ఏఎన్ఎంగా, అంటే ఊళ్లు తిరిగే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తగా చేరి సూపర్‌వైజర్‌గా రిటైర్ అయ్యాను. కొన్నాళ్లు ఉద్దానంలో, కొన్నాళ్లు విజయనగరం వైపు కొండ కింద మండలాల్లో చేశాను. కాబట్టి రెండు వైపుల మాటా చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు సూటి జవాబు. మనుషులు తక్కువ అన్నది సగమే నిజం. నేను ఉద్యోగంలో చేరిన రోజులతో పోలిస్తే ఇప్పుడు పల్లెల్లో ఆరోగ్య సిబ్బంది చాలా ఎక్కువ. తక్కువగా ఉన్నది మంచాన పడ్డవాళ్ల ఇంటికి వెళ్లి కట్టు కట్టడానికి, పైపు చూడటానికి, ఇంట్లోవాళ్లకు నేర్పడానికి కేటాయించిన టైమ్. అసలు ఆ పనికోసమని మన దగ్గర ఎప్పుడూ ఒక పోస్టు పుట్టలేదు. సీహెచ్ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) పోస్టు వచ్చాకే దానికి కొంచెం దగ్గరగా వచ్చాం. అందుకే మీరు "మా ఊళ్లో నర్సు లేదు" అని అర్జీ పెడితే "ఉంది" అని రిజిస్టర్ చూపించి మూసేస్తారు. వేరేలా అడగాలి. ఎలాగో కింద చెప్తాను.

ఎవరు ఎవరో తెలియకపోతే అడగడం కుదరదు. మన పల్లెల్లో తెల్ల కోటు వేసుకున్న ప్రతి ఆడమనిషినీ "నర్సమ్మ" అనేస్తారు. ఆశా కార్యకర్తని కూడా అలాగే పిలుస్తారు. ఆశా నర్సు కాదు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చినప్పుడు 1000 మంది జనాభాకు ఒకరు చొప్పున, ఆ ఊరి కోడల్నో కూతుర్నో తీసుకుని ట్రైనింగ్ ఇచ్చారు. ఆమె సూది వేయకూడదు, పైపు వేయకూడదు. కానీ అందరికన్నా దగ్గరగా ఉండేది ఆమే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన దగ్గర తీరం దాటి కొబ్బరి చెట్లు రోడ్ల మీద పడిపోయినప్పుడు, కరెంటు, ఫోన్లు లేని రోజుల్లో ఊళ్లో ఉన్నది ఆశాలే. బయటి ఊళ్లలో కాపురం ఉండే మా సిబ్బంది అక్కడిదాకా చేరడానికి టైమ్ పట్టింది.

ఏఎన్ఎంలలో ఇప్పుడు రెండు రకాలు ఉన్నారు. పాత సబ్ సెంటర్ (ఆరోగ్య ఉపకేంద్రం) ఏఎన్ఎంలు ఆరోగ్యశాఖవాళ్లు. వాళ్లలో రెగ్యులర్‌వాళ్లూ కాంట్రాక్టువాళ్లూ ఉన్నారు. 2019 అక్టోబరు 2న సచివాలయాలు మొదలైనప్పుడు గ్రేడ్ 3 ఏఎన్ఎం అని ఇంకొకరు వచ్చారు. ఈమె హాజరు సచివాలయంలో వేసుకోవాలి, పనికి మాత్రం పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరుకి జవాబు చెప్పాలి. ఇద్దరు అధికారులున్న మనిషి ఒక రోజుని ఎలా పంచుకుంటుందో మీరే ఊహించండి.

ఆ తర్వాత సీహెచ్ఓ. కొన్నాళ్లు ఎంఎల్‌హెచ్‌పీ అన్నారు, ఇంకా చాలామంది అదే పేరుతో పిలుస్తారు. బీఎస్సీ నర్సింగ్ చదివి, కమ్యూనిటీ హెల్త్‌లో ప్రత్యేక శిక్షణ తీసుకున్న అమ్మాయి, ఒక్కోచోట అబ్బాయి. 2018 కేంద్ర బడ్జెట్‌లో హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లు ప్రకటించాక ఈ పోస్టులు వచ్చాయి. మన రాష్ట్రంలో సుమారు 2,500 జనాభాకు ఒకటి చొప్పున 10,032 విలేజ్ హెల్త్ క్లినిక్‌లు అనుకుని ఒక్కోదానికి ఒకరిని పెట్టారు. బోర్డు మీద పేరు మారుతూ వచ్చింది, ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని కనిపిస్తుంది. మీ అమ్మగారు తాళం చూసి వచ్చింది ఇదే. మీ నాన్నగారి విషయంలో మీకు కావాల్సిన మనిషి కూడా ఈ సీహెచ్ఓనే. ఏఎన్ఎం చుట్టూ తిరిగి లాభం లేదు.

ఎందుకు లేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. పాతకాలంలో ఏఎన్ఎం అంటే కాన్పులు చేసే మనిషి. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఒక్కో జబ్బుకి ఒక్కో వర్కరు ఎందుకు, అన్నీ చేసే ఒకే మనిషి ఉండాలి అని చెప్పింది. అప్పటినుంచి ఆమె "మల్టీపర్పస్" వర్కరు అయింది. రికార్డుల్లో మా పోస్టు పేరు ఇప్పటికీ అదే. మలేరియా రక్తపూతలు, కుటుంబ నియంత్రణ టార్గెట్లు, టీకాలు, గర్భిణుల రిజిస్ట్రేషన్, బోదకాలు మాత్రలు, కుష్ఠు సర్వే అన్నీ ఆమె నెత్తినే పడ్డాయి. అంటే ఆ పోస్టు కార్యక్రమాలకోసం తయారైంది. నెలాఖరున పై నుంచి అడిగేది "ఎన్ని టీకాలు, ఎన్ని రిజిస్ట్రేషన్లు" అనే. "ఎన్ని పుండ్లకు కట్టు కట్టావు" అని ఉద్యోగం మొత్తంలో నన్నెవరూ అడగలేదు. అడగని పనికి రిపోర్టులో గడి ఉండదు. గడి లేని పని ఎవరైనా చేశారంటే అది వాళ్ల మంచితనం మీద జరిగిందే.

పైగా ఈ జనాభా లెక్కలు వేసిన కాలం వేరు. మైదానంలో 5,000 మందికి ఒక సబ్ సెంటర్, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒకటి. పీహెచ్‌సీ అయితే 30,000కి, కొండమీద 20,000కి ఒకటి. ఇంటినిండా పిల్లలు, ఏటా కాన్పులు ఉన్న రోజుల్లో వేసిన లెక్కలివి. ఇప్పుడు మీ ఊరే చూడండి. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు, మీ ఈడువాళ్లు సగం మంది విశాఖలోనో చెన్నైలోనో ఉంటారు. ఊళ్లో మిగిలింది అమ్మానాన్నలు. పక్షవాతం, షుగరు, మీ ఉద్దానంలో కిడ్నీ జబ్బు. 2,500 జనాభాలో సగం మంది పిల్లలూ వయసువాళ్లూ అయితే పని ఒక రకం. ముసలివాళ్లే ఎక్కువైతే అదే 2,500 మందికి చేయాల్సిన సేవ రెండింతలు అవుతుంది. జనాభా లెక్కకి వయసు పట్టదు. పోస్టు మాత్రం అదే ఒకటి. నర్సుల కొరత గురించి పేపర్లలో రాసేవాళ్లు ఖాళీల సంఖ్య దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే అసలు కొరత ఇక్కడ ఉంది.

ఖాళీలు లేవని కాదు. కానీ అవి కాగితం మీద కనిపించవు. ఒక ఏఎన్ఎం ప్రసూతి సెలవులో ఆరు నెలలు వెళ్తుంది. అది ఆమె హక్కు, తప్పేం లేదు. కానీ ఆమె బదులు ఎవర్నీ వేయరు. పక్క సెంటర్ అమ్మాయికి "ఇన్‌ఛార్జి" అని రాసేస్తారు. పోస్టు నిండుగానే కనిపిస్తుంది, రెండు ఊళ్లకు ఒక మనిషి ఉంటుంది. దీనికన్నా పెద్దది డిప్యుటేషన్. జీతం మీ ఊరి పోస్టు మీద తీసుకుంటారు, పనిచేసేది పెద్దాసుపత్రిలోనో ఆఫీసులో డేటా ఎంట్రీ బల్ల దగ్గరో. కుటుంబం టౌన్లో ఉందని అడిగి వేయించుకునేవాళ్లు కొందరు. ఆసుపత్రిలో స్టాఫ్ నర్సులు లేక పైవాళ్లే లాక్కెళ్లేది ఎక్కువ. కేంద్రం ఏటా వేసే గ్రామీణ ఆరోగ్య గణాంకాల పుస్తకంలో మంజూరు, పనిచేస్తున్నవారు, ఖాళీ అని వరసలుంటాయి. డిప్యుటేషన్‌లో ఉన్న మనిషి కోసం వేరే గడి నేను చూడలేదు.

సరే, మనిషి ఉంది, డిప్యుటేషన్ కూడా లేదనుకుందాం. మరి తాళం ఎందుకు? బుధవారం, శనివారం టీకాల రోజులు. నెలలో ఒకరోజు పీహెచ్‌సీలో ఆశా డే, ఇంకో రోజు రివ్యూ మీటింగ్. మధ్యలో ఎప్పుడూ ఏదో ఒక సర్వే. 30 ఏళ్లు దాటినవాళ్లందరికీ బీపీ, షుగరు, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ చేయాలి, చేసినట్టు యాప్‌లో ఎక్కించాలి. గర్భిణులకు ఒక యాప్, టీకాలకు ఒకటి, జ్వరాలకు ఒకటి. ఊళ్లో సిగ్నల్ లేకపోతే ఆ అమ్మాయి రోడ్డు మీదకో పంచాయతీ డాబా మీదకో వెళ్లి అప్‌లోడ్ చేస్తుంది. మీ అమ్మగారు వెళ్లింది ఆ టైమ్‌కి అయి ఉండొచ్చు. ఎగ్గొట్టేవాళ్లు లేరని నేననను. పదకొండుకి వచ్చి రెండింటి బస్సుకి వెళ్లిపోయేవాళ్లను సూపర్‌వైజర్‌గా చాలామందిని చూశాను, మెమోలూ ఇచ్చాను. కానీ తాళం చూసిన ప్రతిసారీ ఎగ్గొట్టిందనుకుంటే మీకు పని జరగదు.

హెడ్‌క్వార్టర్స్‌లోనే కాపురం ఉండాలని రూలు ఉంది కదా అంటారు. ఉంది. నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆ రూలు విన్నాను. ఊరి చివర శ్మశానం పక్కనో చెరువుగట్టు మీదో ప్రభుత్వ స్థలం దొరికితే అక్కడ బిల్డింగు కట్టారు. ప్రహరీ ఉండదు, చాలాచోట్ల నీళ్లు ఉండవు, రాత్రి లైటు ఉండదు. పాతికేళ్ల అమ్మాయిని ఒంటరిగా అక్కడ ఉండమంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? పలాసలోనో సోంపేటలోనో గది తీసుకుని బస్సు, ఆటో మీద వస్తుంది. ఊరివాళ్లు నిజంగా నర్సమ్మ తమ ఊళ్లోనే ఉండాలనుకుంటే ఊరి మధ్యలో ఒక మంచి ఇల్లు తక్కువ అద్దెకు చూపించడం సర్క్యులర్ల కన్నా బాగా పనిచేస్తుంది. నేను చూసినవాటిలో సిబ్బంది ఏళ్ల తరబడి నిలిచిన ఊళ్లన్నీ అలాంటివే.

జీతం సంగతి కూడా చెప్పాలి. సీహెచ్ఓ పథకం మొదలుపెట్టినప్పుడు అనుకున్నది నెలకు 25,000 జీతం, పనిని బట్టి 15,000 వరకు ప్రోత్సాహకం. ఆ ఉద్యోగం కాంట్రాక్టుది. అదే బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయి విశాఖ కార్పొరేట్ ఆసుపత్రిలో రెండేళ్లు అనుభవం సంపాదించి గల్ఫ్‌కో జర్మనీకో వెళ్తే ఎంత వస్తుందో వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రోజూ తిరుగుతుంది. ఎయిమ్స్ పరీక్షకి చదువుకుంటూ ఈ ఉద్యోగం చేసేవాళ్లు చాలామంది. వాళ్లను తప్పుపట్టలేను. కానీ ఊరిని, మనుషుల్ని అర్థం చేసుకునేలోపే వెళ్లిపోతారు. ఇంటికి వెళ్లి చేసే నర్సింగ్‌కి పరిచయం కావాలి. ఎవరింట్లో ఎవరు మంచాన ఉన్నారు, ఎవరి కోడలు చూసుకుంటుంది, ఎవరింట్లో ఎవరూ లేరు అన్నది ఏ యాప్‌లోనూ ఉండదు.

కొండ మీద సంగతి ఇంకా వేరు. మీ మందస, మెళియాపుట్టి వైపు సవర గూడేలు, విజయనగరం జిల్లాలో శృంగవరపుకోట మండలం దారపర్తి లాంటి చోట్ల పది పదిహేను ఇళ్లు ఒక గుట్ట మీద, ఇంకో పది ఇళ్లు పక్క గుట్ట మీద ఉంటాయి. 3,000 జనాభాకు ఒకటి అన్న రాయితీ వినడానికి బాగుంటుంది. మైదానం ఊరికి చెందిన సెంటర్ కిందే గూడెం ఉంటే ఆ లెక్క వాళ్లకి అక్కరకు రాదు. వ్యాక్సిన్ క్యారియర్ భుజాన వేసుకుని కొండెక్కి నలుగురు పిల్లలకు టీకా వేసి దిగితే ఆ రోజు అయిపోయినట్టే. రిపోర్టులో "4" అని పడుతుంది. మైదానంలో అదే రోజు నలభై పడుతుంది. దూరాన్ని లెక్కలో పెట్టని పద్ధతి కొండమీద పనిచేసేవాళ్లని ఎప్పుడూ వెనకబడినవాళ్లుగానే చూపిస్తుంది. ఐటీడీఏలు (గిరిజనాభివృద్ధి సంస్థలు) నడిపిన బైక్ అంబులెన్సులు, సాలూరులో పెట్టిన గర్భిణుల వసతి గృహం మంచి పనులే. నెలలు నిండకముందే తల్లిని కిందకి తెచ్చి ఉంచుకుంటే డోలీ అవసరం తగ్గుతుంది. కానీ అవి కాన్పుల కోసం. కొండమీద మంచాన పడ్డ ముసలాయనకి ఏ వసతి గృహమూ లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశాక సాలూరు, సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. సీతంపేట ఐటీడీఏ ఆఫీసూ అటే పోయింది. శ్రీకాకుళంలో మిగిలిన కొండ ఊళ్ల గురించి అడిగే గొంతు దాంతో ఇంకా చిన్నదైంది. మీ ప్రశ్న అది కాదు కానీ, చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇక మీ నాన్నగారి సంగతి.

"ఇంటికి రావడం మా డ్యూటీ కాదు" అన్నమాట సరికాదు. ఈ క్లినిక్‌లు ఇవ్వాల్సిన 12 రకాల సేవల్లో వృద్ధుల సంరక్షణ, పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవ) ఉన్నాయి. 104 బండిలో డాక్టరు ఊరికి వచ్చే ఏర్పాటు పెట్టినప్పుడు కూడా పొద్దున క్లినిక్‌లో ఓపీ, మధ్యాహ్నం మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లడం అన్న పద్ధతే పెట్టారు. కాబట్టి మొదట చేయాల్సింది, మీ ఆశాతో మాట్లాడి నాన్నగారి పేరు మంచానికి పరిమితమైనవాళ్ల జాబితాలో ఉందో లేదో కనుక్కోవడం. లేకపోతే రాయించండి. 104 బండి వచ్చే తేదీ కూడా ఆమెకే తెలుస్తుంది. ఆ రోజు డాక్టరు ఇంటికి వచ్చేలా ముందురోజే ఆశాకీ సీహెచ్ఓకీ ఫోన్ చేయండి. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, వాడుతున్న మందులు, పైపు వేసిన తేదీ రాసిన చీటీ అమ్మగారి చేతిలో ఉండాలి.

ఆ రోజు డాక్టరు చేత రెండు విషయాలు రాయించుకోండి. పైపు ఎన్నాళ్లకు మార్చాలి, పుండుకి ఏ డ్రెస్సింగ్ ఎన్ని రోజులకోసారి చేయాలి. ఇవి కాగితం మీద ఉంటే సీహెచ్ఓకి ధైర్యం వస్తుంది. డాక్టరు రాయకుండా ఇంట్లో పైపు మారిస్తే, రక్తం వచ్చిందనో ఇన్‌ఫెక్షన్ అనో గొడవైతే తన ఉద్యోగం పోతుందని ఆ అమ్మాయికి భయం. ఆ భయం న్యాయమైనదే. కొన్ని సెంటర్లలో పైపులు, యూరో బ్యాగులు, స్టెరైల్ గ్లౌజులు ఉండవు కూడా. సబ్ సెంటర్ స్థాయి క్లినిక్‌కి 105 రకాల మందులు, 14 రకాల పరీక్షలు అని లెక్క ఉంది. డ్రెస్సింగ్ సామాను మాత్రం ఎప్పుడూ కొరతే. క్లినిక్‌కి ఏటా వచ్చే అన్‌టైడ్ ఫండ్‌లో (ఫలానా ఖర్చుకే అని కట్టడి లేని డబ్బు) ఇలాంటివి కొనడానికి వీలుంది, జన ఆరోగ్య సమితిలో తీర్మానం కావాలి. ఆ సమితిలో మీ సర్పంచి ఉంటారు. చాలామంది సర్పంచులకు ఆ సంగతే తెలియదు.

పైపు మార్చే గడువు దాని రకాన్ని బట్టి ఉంటుంది. మామూలు లేటెక్స్ పైపు అయితే సాధారణంగా మూడు నాలుగు వారాలు. పూర్తి సిలికాన్‌ది అయితే 12 వారాల వరకు ఉంచుతారు. ధర ఎక్కువే కానీ ప్రతిసారీ ఆటోకి పెట్టే డబ్బు, నాన్నగారికి పడే అవస్థ లెక్కేసుకుంటే సిలికాన్ పైపే చవక. డాక్టరుని అడగండి.

రోజూ చేయాల్సిన పనికి నర్సు అక్కర్లేదు, నేర్చుకుంటే అమ్మగారే చేయగలరు. సీహెచ్ఓని "ఒక్కసారి వచ్చి అమ్మకి నేర్పండి" అని అడగండి. "రోజూ రండి" అంటే ఎవరూ రారు, "ఒకసారి నేర్పండి" అంటే దాదాపు అందరూ వస్తారు. బ్యాగు ఎప్పుడూ నడుము కన్నా కిందగా వేలాడాలి, నేలకి తగలకూడదు. మూడింట రెండు వంతులు నిండకముందే ఖాళీ చేయాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పైపు బయటికి వచ్చే చోట రోజూ సబ్బు నీళ్లతో తుడవాలి. పుండుకి ప్రతి రెండు గంటలకీ పక్క మార్చడమే అసలు మందు. రాత్రి కూడా. అమ్మగారొక్కరే చేయలేరని నాకు తెలుసు. గాలి పరుపు కొంటే గంటలు కొంచెం పెరుగుతాయి కానీ పక్క మార్చడం తప్పదు. ఎర్రబడ్డ చోట రుద్దకండి. పుండులో స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, పసుపు, బూడిద ఏదీ పెట్టకండి. సెలైన్‌తో కడిగి డాక్టరు రాసిన డ్రెస్సింగే. చలిజ్వరం వచ్చినా, పైపులో చుక్క రాకుండా పొత్తికడుపు ఉబ్బి నొప్పి వచ్చినా, పైపులో రక్తం పడినా, మనిషి మత్తుగా అయిపోయినా ఎవరి కోసమూ చూడకుండా 108కి ఫోన్ చేయండి.

ఒక హెచ్చరిక. నర్సు రాలేదని ఊళ్లో ఆర్‌ఎంపీని పిలుస్తారు. తలుపు కొడితే అర్ధరాత్రి కూడా వచ్చేది ఆయనొక్కడే కాబట్టి జనానికి ఆయనంటే నమ్మకం, అది నేను కాదనను. కానీ నొప్పికి ఆయన ఇచ్చే డైక్లోఫెనాక్ లాంటి ఇంజెక్షన్లు కిడ్నీల మీద దెబ్బకొడతాయి. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎంతలా ఉందో మీకు చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచింది అందుకే. నాన్నగారికి కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష చేయించి ఎన్నాళ్లయిందో చూడండి. చేయించకుండా నొప్పి ఇంజెక్షన్ వేయించొద్దు.

డబ్బిచ్చి నర్సుని పెట్టుకుందామంటే శ్రీకాకుళం, విజయనగరం టౌన్లలో హోమ్ నర్సింగ్ పేరుతో పంపేవాళ్లున్నారు. పల్లెకి వచ్చేది ఎక్కువగా అటెండర్లే. స్నానం, పక్క మార్చడం, తిండి పెట్టడం వాళ్ల పని, అదీ చాలా అవసరమైన పనే. పైపు వేసే మనిషి కావాలంటే జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) లేదా బీఎస్సీ నర్సింగ్ చదివి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి ఉండాలి. నంబరు అడిగి చూడండి. సిగ్గుపడాల్సిన పని లేదు. మీ మండలంలోనే రిటైర్ అయిన స్టాఫ్ నర్సు ఎవరైనా ఉంటే ఇంకా మంచిది. నెలకి రెండుసార్లు వచ్చి వెళ్లడానికి చాలామంది ఒప్పుకుంటారు.

ఇవన్నీ చేసినా క్లినిక్ నుంచి స్పందన లేకపోతే అప్పుడు అర్జీ. ముందు పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుకి, తర్వాత డీఎంహెచ్ఓకి (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి), ఆ తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి. ఈ వరస తప్పొద్దు. నేరుగా పైకి వెళ్తే అర్జీ తిరిగి కిందకే వస్తుంది, ఈలోపు కిందవాళ్లకి మీ మీద కోపం కూడా వస్తుంది. అర్జీలో "నర్సు రావడం లేదు" అని రాయకండి. "మా క్లినిక్ పరిధిలో మంచానికి పరిమితమైనవారు ఇంతమంది ఉన్నారు, పేర్లు ఇవి. వీరి ఇళ్లకు వెళ్లడానికి వారంలో ఒక మధ్యాహ్నం కేటాయించి, ఆ రోజు క్లినిక్ తలుపు మీద రాసి పెట్టించండి" అని రాయండి. ఊళ్లో మీలాంటి ఇళ్లు ఇంకా ఉంటాయి, ఆశాని అడిగితే పేర్లు దొరుకుతాయి. ఒక్క ఇంటి కోసం అధికారి రోస్టరు మార్చడు, ఆరు ఇళ్లుంటే మారుస్తాడు. ఆ అమ్మాయికి కూడా ఇది మేలే. ఆ మధ్యాహ్నం యాప్ ఎంట్రీ ఎందుకు కాలేదని ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక ఆర్డరు ఉంటుంది.

మీ క్లినిక్ పోస్టు డిప్యుటేషన్‌లో ఉందని అనుమానం ఉంటే సమాచార హక్కు చట్టం కింద అడగండి. మన రాష్ట్రంలో జిల్లా ఆఫీసుకి ఫీజు 10 రూపాయలు, మండల స్థాయికి 5, గ్రామస్థాయికి లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అడగాల్సింది మూడు కాగితాలు. మీ క్లినిక్‌కి మంజూరైన పోస్టులు, అందులో ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారు. డిప్యుటేషన్ ఆర్డర్ల నకళ్లు. గడిచిన మూడు నెలల అడ్వాన్స్ టూర్ ప్రోగ్రాం. ఈ మూడోదాన్ని మర్చిపోకండి. ఏ రోజు ఏ ఊళ్లో ఉంటామని మేం ముందే రాసి ఇవ్వాలి. తాళం ఉన్న రోజు ఆమె ఎక్కడ ఉండాలో అందులో తెలుస్తుంది.

ఇంకోటి, తాళం వేసిన క్లినిక్ వీడియో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. అలాంటి వీడియో ఒకటి బయటికొచ్చాక ఏం జరిగిందో దగ్గరుండి చూశాను. ఆ అమ్మాయికి మెమో వచ్చింది, ఏడ్చుకుంటూ వేరే చోటికి మార్పించుకుంది, ఆ ఊరికి తర్వాత చాలాకాలం ఇన్‌ఛార్జే గతి అయింది. ఆ రోజు ఆమె నిజానికి పీహెచ్‌సీ మీటింగ్‌లో ఉంది.

కేరళలో పంచాయతీలే పాలియేటివ్ నర్సుల్ని పెట్టుకుని ఇంటింటికీ పంపుతాయి. అక్కడ 2008లోనే దీనికి ప్రభుత్వ విధానం వచ్చింది. మన దగ్గర మండలానికి ఇద్దరు నర్సులు, ఒక బండి, ఒక డ్రెస్సింగ్ సంచీ ఇచ్చి ఇదొక్కటే పని అని చెప్తే చాలు, కొత్తగా వేలమందిని తీసుకోనక్కర్లేదు అని నా అభిప్రాయం. సర్వీసులో ఉండగా మీటింగుల్లో చెప్పాను కూడా. "ప్రపోజల్ పెట్టండమ్మా" అన్నారు.

చివరగా డబ్బు సంగతి. పక్షవాతంతో మంచానికే పరిమితమైనవాళ్లకి రాష్ట్ర ప్రభుత్వం పింఛను 2024 జులై నుంచి నెలకు 15,000 చేసింది. మెడికల్ బోర్డు సర్టిఫికెట్ కావాలి. మీరు దాని మాట ఎత్తలేదు, అందుకే అడుగుతున్నాను. నాన్నగారికి వస్తోందా? రాకపోతే ముందు సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని కలవమని అమ్మగారికి చెప్పండి. అటెండర్ జీతం దాంట్లోంచే వెళ్లిపోతుంది. బోర్డు దగ్గరికి తీసుకెళ్లడం కష్టమైతే ఆ సంగతి కూడా 104 డాక్టరు చీటీలో రాయించుకుని, ఇంటికి వచ్చి చూడమని అర్జీతో జతచేయండి.